ప్లాస్టరింగ్‌కు ముందు పైపు చుట్టూ సందులు: మాలుతో నింపాలా, ఫోమ్‌తోనా, ఇంకేదైనానా?

రంగులు వేసి ఏడాది తిరక్కముందే మా బాత్రూమ్ బయటి వైపు గోడ మీద పైనుంచి కిందికి సన్నని నెర్రె పడింది. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. వేలితో తడితే దానికి రెండు వైపులా జానెడు మేర డొల్ల శబ్దం. ప్లాస్టరింగ్ పగలగొట్టి చూస్తే సంగతి తెలిసింది. వేడినీళ్ల పైపు కోసం కోసిన గాడిలో మాలు పైపైన పూశారు. పైపు వెనకాల, పక్కల అంతా ఖాళీ. ముందు వైపు మాత్రం ఆ పలచని మాలు పొర పైపును గట్టిగా పట్టుకుని ఉంది. గీజర్ వేసిన ప్రతిసారీ పైపు సాగి ఆ పొరను తనతోపాటు లాగుతోంది, చల్లారాక మళ్లీ వెనక్కి లాగుతోంది. రోజూ ఇదే జరుగుతుంటే పూత ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ గోడ బాగుచేయించేటప్పుడు ఈ పనికి వాడే పదార్థాల గురించి ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను, కొన్నిటిని చేతులారా వాడి చూశాను. అప్పటినుంచి ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరు అడిగినా ఒకటే మాట చెబుతున్నాను. నింపే పదార్థం గోడను పట్టుకోవాలి, పైపును పట్టుకోకూడదు. ఏది ఎంచుకోవాలన్నా ఈ మాటతో సరిచూసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ముందు పైపును చూడండి, తర్వాత సందును

చాలామంది డబ్బా ఏది కొనాలన్న దగ్గర మొదలుపెడతారు. అసలు చూడాల్సింది పైపు ఎంత కదులుతుందన్నది. మీటరు పొడవున్న పైపు ఒక డిగ్రీ వేడెక్కితే ఉక్కు సుమారు 0.012 మిల్లీమీటర్లు, రాగి 0.017, సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) 0.06 నుంచి 0.07, పీపీఆర్ (అలాంటిదే మరో రకం ప్లాస్టిక్ పైపు) దాదాపు 0.15 మిల్లీమీటర్లు సాగుతాయి. ఇటుక గోడ సాగేది 0.006 ప్రాంతంలో ఉంటుంది. ఒక్క డిగ్రీకి చూస్తే ఇవి చిన్న అంకెలే. మూడు మీటర్ల నిలువు పైపులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 65కి చేరితే రాగి 2 మిల్లీమీటర్లు, సీపీవీసీ 8, పీపీఆర్ 18 మిల్లీమీటర్ల దాకా సాగాలని చూస్తుంది. పక్కనున్న గోడ ఉన్నచోటే ఉంటుంది.

పైపును పట్టుకోకూడదన్న మాటకు ఒక మినహాయింపు తప్పకుండా చెప్పాలి. పీపీఆర్ లాంటి కాస్త మెత్తని ప్లాస్టిక్ పైపును గోడలో ముందూ వెనకా ఖాళీ లేకుండా దట్టించి మూసేస్తే, సాగాలనే ఆ ఒత్తిడిని పైపు చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. అందుకే గోడలో దాచిన పీపీఆర్ లైన్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేయడం చూస్తుంటాం. కష్టమంతా సగం పట్టుకుని సగం వదిలేసిన చోట వస్తుంది. మా గోడలో జరిగింది అదే. కాబట్టి పూర్తిగా దట్టించండి, లేదా పైపుకు తొడుగు వేసి పూర్తిగా విడదీయండి. మధ్యేమార్గం వద్దు.

చన్నీళ్ల పైపు, డ్రైనేజీ పైపు ఇంతగా సాగవు. వేడినీళ్లు వదిలే వాషింగ్ మెషీన్ అవుట్‌లెట్ లాంటివి మినహాయింపు. కరెంటు పైపులు దాదాపు కదలవు, వాటికి మాలు చాలు.

పైపు తర్వాత చూడాల్సింది సందు రకం. గోడ వెంట పైపును దాచడానికి కోసిన గాడి వేరు, గోడను ఆరపార దాటే కన్నం వేరు. గాడిలో నింపినదాని మీద నేరుగా ప్లాస్టరింగ్ వస్తుంది, కాబట్టి పూత పట్టుకోవడం ముఖ్యం. ఆరపార కన్నంలో అయితే నీళ్లు, శబ్దం, పొగ, పురుగులు ఒకవైపు నుంచి మరోవైపుకు దాటకుండా చూడటం ముఖ్యం. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

సిమెంట్ మాలు

అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ఎక్కువ తప్పుగా వాడేది కూడా ఇదే. ఇటుక గోడలో గాడి పూడ్చడానికి నా మొదటి ఎంపిక ఇప్పటికీ మాలే. కారణం సులువు. పైన వచ్చే ప్లాస్టరింగ్ కూడా సిమెంటే, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఎండకూ చలికీ దాదాపు ఒకేలా స్పందిస్తాయి. చెమ్మకు చెడదు, మంటకు కాలదు, ఎలుక కొరకలేదు.

బలహీనత ఒక్కటే, కుంచించుకుపోవడం. మాలులో ఉన్న అదనపు నీరు ఆరిపోయే కొద్దీ మాలు తగ్గుతుంది, అంచుల దగ్గర సన్నగా విడిపోతుంది. సిమెంట్ ఎక్కువైతే గట్టిగా ఉంటుందని ఒకటికి ఒకటి కలిపేవాళ్లున్నారు. అది ఇంకా ఎక్కువ కుంచించుకుంటుంది. ఒక పాలు సిమెంట్‌కు మూడు లేదా నాలుగు పాళ్ల ఇసుక సరిపోతుంది. నీళ్లు తక్కువ పోయాలి. గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి జారకూడదు. ఆ మాత్రం గట్టిగా ఉంటేనే దట్టించడానికి వీలవుతుంది. జారుడుగా కలిపిన మాలును గాడిలో రుద్దడమే కుదురుతుంది, కూరడం కుదరదు.

గాడిలో ముందుగా దుమ్మంతా బ్రష్‌తో దులపండి. తర్వాత నీళ్లు చల్లండి. ఇటుక నీటిని పీల్చుకుని ఉండాలి, పైన మాత్రం నీరు తేలకూడదు. పొడి ఇటుక మాలులో ఉన్న నీటిని లాగేసుకుంటుంది, సిమెంట్ గట్టిపడకముందే పొడిబారి పిండిలా రాలుతుంది. నా అనుభవంలో పగుళ్ల కంటే ఈ పొడిబారిన మాలే ఎక్కువ చోట్ల కనిపించింది.

పైపును గాడి అడుగుకు ఆనించి క్లిప్పులు కొడితే వెనకాలకు మాలు చేరదు. క్లిప్పు కింద చిన్న బిళ్ల పెట్టి పైపును అడుగు నుంచి కనీసం 5 మిల్లీమీటర్లు ఎత్తి బిగించమని ప్లంబర్‌కు ముందే చెప్పాలి. ఇది చెప్పాల్సిన సమయం ప్లంబింగ్ రోజు. మేస్త్రీ వచ్చాక చెబితే ప్రయోజనం లేదు.

లోతు ఎక్కువుంటే ఒకేసారి నింపకండి. రెండు విడతలుగా, ఒక్కో విడత 20 నుంచి 25 మిల్లీమీటర్లు. మొదటి పొర గట్టిపడ్డాక దాని మీద గరుకుగా గీతలు గీసి రెండోది వేయాలి. వెడల్పైన ఖాళీల్లో తడిపిన ఇటుక ముక్కలను మాలుతో కలిపి దట్టించడం పాతకాలపు పద్ధతి, చాలా మంచి పద్ధతి. ఇటుక ముక్క కుంచించుకోదు కదా, మాలు ఎంత తక్కువుంటే పగులు అంత తక్కువ. ముక్క పైపుకు నేరుగా తగలకుండా మాత్రం చూడాలి. చివరి పొర గోడ మట్టానికి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలే ఆగాలి, పైభాగం గరుకుగా వదిలేయాలి. నున్నగా చేసిన పూడికను ప్లాస్టరింగ్ పట్టుకోదు.

తర్వాత నీళ్లు. గోడ మొత్తానికి క్యూరింగ్ చేస్తారు గానీ గాడి పూడికకు ఎవరూ నీళ్లు కొట్టరు. వారం రోజులు తడిగా ఉంచితే మాలు బలం పుంజుకుంటుంది, తర్వాత ఆరి కుంచించుకున్నా పగుళ్లు తక్కువ పడతాయి. పొద్దున పూడ్చి మధ్యాహ్నం ప్లాస్టరింగ్ కొడితే కింది పొర తగ్గేటప్పుడు పైపూతను కూడా చీలుస్తుంది. అన్ని తప్పుల్లోకీ ఈ తొందరే పెద్దదని నా నమ్మకం.

వేడినీళ్ల పైపు అయితే మాలు పెట్టకముందే తొడుగు వేయండి. పాలిథిలిన్ ఫోమ్ గొట్టాలు పైపు సైజును బట్టి దొరుకుతాయి. అవి పట్టనంత ఇరుకుగా ఉంటే పలచని ఫోమ్ షీటును చుట్టి టేపు వేయవచ్చు. ముఖ్యంగా మలుపుల దగ్గర, టీ జాయింట్ల దగ్గర తొడుగు కాస్త మందంగా ఉండాలి. పొడవు సాగిన పైపు నెట్టేది ఆ మూలలనే. తొడుగు మందం కలుపుకుని గాడిని అంత లోతుగా కోయాలి, ఎందుకంటే తొడుగు మీద కనీసం 10 నుంచి 15 మిల్లీమీటర్ల మాలు ఉంటేనే ప్లాస్టరింగ్‌కు గట్టి ఆధారం దొరుకుతుంది.

లోతు అన్నాక ఇంకో హద్దు కూడా ఉంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదన్నది నిర్మాణంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న నియమం. సన్న గోడలో ఆ హద్దు లోపల పైపు పట్టకపోతే పూడిక ఎంత మంచిదైనా ఆ గోడను కాపాడలేదు. పైపు దారి మార్చుకోవాలి.

జింకు పూత పూసిన ఇనుప (జీఐ) పైపులకు ఒక జాగ్రత్త. తడి సిమెంట్ క్షారం వల్ల జింకు పూత మొదట్లో కొంత కరుగుతుంది, ఆరాక నిలదొక్కుకుంటుంది. ఎప్పుడూ చెమ్మగా ఉండే గోడలోనో, ఇసుకలో ఉప్పు ఉన్నప్పుడో మాత్రం తుప్పు ఆగదు. అలాంటిచోట తుప్పు నిరోధక టేపు చుట్టాకే మాలు పెట్టాలి. పని తొందరగా అవుతుందని కాల్షియం క్లోరైడ్ ఉన్న మందులు మాలులో కలపనివ్వకండి. అవి ఇనుమును తినేస్తాయి.

పాలిమర్ కలిపిన మాలు, కుంచించుకోని గ్రౌట్

మాలులో ఎస్‌బీఆర్ లాటెక్స్ (పాలలా ఉండే కృత్రిమ రబ్బరు ద్రవం) కలిపితే పట్టు పెరుగుతుంది, సన్న పగుళ్లు తగ్గుతాయి. సందు పలచగా ఉన్నప్పుడు, పాత గోడలో కొత్త గాడి కోసినప్పుడు, పీల్చుకునే గుణం బాగా ఎక్కువున్న ఏఏసీ (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంట్) బ్లాకు గోడల్లో దీనికే ఓటు వేస్తాను. ఏఏసీ బ్లాకు తేలికైనది, బలం తక్కువ. దానిలో ఒకటికి మూడు మాలు పెడితే పూడిక గట్టిగా, బ్లాకు మెత్తగా ఉండి అంచు దగ్గరే చీలుతుంది. బ్లాకుల కోసం తయారుచేసిన పొడి మాలు సంచుల్లో దొరుకుతుంది, అదే వాడటం మేలు. నీళ్లు మాత్రం సంచి మీద రాసిన కొలతే పోయాలి.

కుంచించుకోని గ్రౌట్, అంటే పోసేంత జారుడుగా కలిపే సిమెంట్ మిశ్రమం మీద, అందరికీ గొప్ప నమ్మకం. ఆ నమ్మకం చాలాచోట్ల అక్కర్లేదు. దాని బలం ఇటుక బలానికి ఎన్నో రెట్లు, ఇటుక గోడలో గాడికి అంత బలం ఏ పనికీ రాదు. పైగా అది ఎక్కువగా పోసే రకం, నిలువు గాడిలో నిలవదు, చెక్క అడ్డుపెట్టి పోయాలి. బాత్రూమ్ శ్లాబులో డ్రైనేజీ పైపు దిగే చోట, కాంక్రీటు గోడలో పెద్ద కన్నం చుట్టూ, నీళ్ల ట్యాంకు గోడలో మాత్రం దీనికి సాటి లేదు. అక్కడ మామూలు మాలు వాడితే వెంట్రుకవాసి సందు చాలు, నీరు దారి వెతుక్కుంటుంది. నీళ్లు ఎక్కువ పోసి కలిపితే కుంచించుకోని గ్రౌట్ కూడా కుంచించుకుంటుందని గుర్తుంచుకోవాలి.

రెండు మూడు నిమిషాల్లో బిగుసుకునే హైడ్రాలిక్ సిమెంట్ కూడా ఒకటుంది. అది కారుతున్న నీటిని అప్పటికప్పుడు ఆపడానికి. పొడిగా ఉన్న గాడి పూడ్చడానికి దాన్ని వాడితే చేతిలోనే గడ్డకడుతుంది.

పీయూ ఫోమ్

పీయూ అంటే పాలీయురేథేన్, డబ్బాలోంచి వచ్చి ఉబ్బి గట్టిపడే నురగ. చూడటానికి ఇంత సులువైన పని ఇంకోటి లేదు. డబ్బా ఊపి గొట్టం పెట్టి నొక్కితే సందంతా నిండిపోతుంది. ఆ సులువే చాలామందిని పొరపాటు చేయిస్తుంది.

ఫోమ్ మంచి గుణాలు నిజమైనవే. పైపు వెనకాల చెయ్యి దూరని చోటుకు కూడా అది చేరుతుంది. పైపు కదిలితే కాస్త నలుగుతుంది, తిరిగి వస్తుంది. గాలిని, వేడిని అడ్డుకుంటుంది, పైపు కంపనం గోడకు పాకడాన్ని కొంత తగ్గిస్తుంది. గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి కొట్టే ముందు సందును కొద్దిగా తడపాలి. సందులో సగానికి మించి కొట్టకూడదు, ఉబ్బి బయటికి వస్తుంది. చర్మానికి అంటితే వదలడం చాలా కష్టం, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

సమస్య పైపొర దగ్గర వస్తుంది. ఆరిన ఫోమ్ మీద నున్నని చర్మం లాంటి పొర ఉంటుంది, ప్లాస్టరింగ్ దాన్ని పట్టుకోదు. ఆ చర్మం కోసేస్తే గరుకుగా కనిపిస్తుంది గానీ కింద ఉన్నది మెత్త. మెత్తదాని మీద గట్టి పూత వేస్తే, ఎవరైనా భుజం ఆనించినా చాలు, నెర్రె పడుతుంది. గోడ గాడిని ఫోమ్‌తో నింపి దాని మీదే ప్లాస్టరింగ్ చేయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

వాడాలంటే ఇలా వాడండి. లోతైన కన్నంలో లోపలి భాగానికి మాత్రమే ఫోమ్ కొట్టండి. పూర్తిగా ఆరనివ్వండి, అంటే ఒక రోజు. తర్వాత గోడ ముఖం నుంచి కనీసం 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతుకు చాకుతో కోసేయండి. ఆ లోతులో మాలు దట్టించండి. మాలు పక్కనున్న ఇటుకను పట్టుకుంటుంది, ఫోమ్ దాని వెనక ఆధారంగా ఉంటుంది. అంత లోతు లేని సందులో ఫోమ్‌కు చోటే లేదు.

నీటిని ఆపడానికి ఫోమ్‌ను నమ్ముకోకండి. కోసిన ముఖం నీటిని మెల్లగా పీల్చుకుంటుంది. ఎండ తగిలితే పసుపెక్కి పొడిపొడిగా రాలిపోతుంది. మామూలు ఫోమ్ మంటకు కాలుతుంది కూడా.

జిప్సం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్

కరెంటు పెట్టెలను నిలబెట్టడానికి దీన్ని ఎక్కువగా వాడతారు. అరగంట లోపే బిగుసుకుంటుంది, బిగుసుకునేటప్పుడు కుంచించుకోకుండా కొద్దిగా ఉబ్బుతుంది. పొడిగా ఉండే గదిలో, పైపూత కూడా జిప్సమే అయితే, కరెంటు గాడికి ఇది చక్కని ఎంపిక. పని ఆ రోజే ముగుస్తుంది.

నీళ్ల పైపు చుట్టూ మాత్రం వద్దు. జిప్సం నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది, తడిసిన చోట మెత్తబడుతుంది. ఇనుము దగ్గర చెమ్మ పట్టుకుని తుప్పు పెంచుతుంది. వీటికంటే తక్కువమందికి తెలిసిన ప్రమాదం మరొకటుంది. జిప్సం ముద్ద మీద సిమెంట్ ప్లాస్టరింగ్ వేసి, అక్కడికి చెమ్మ చేరితే రెండూ కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికాలు పుడతాయి. అవి చోటు కోసం ఉబ్బి పూతను గోడ నుంచి తోసేస్తాయి. పైపును తాత్కాలికంగా నిలబెట్టడానికి అక్కడక్కడ పెట్టిన జిప్సం ముద్దలను సిమెంట్ పనికి ముందు గీకి తీసేయమని మేస్త్రీకి చెప్పండి. చిన్న ముద్దే కదా అని వదిలేసిన చోటే తర్వాత బొబ్బ లేస్తుంది.

సిలికాన్, ఇతర సీలెంట్లు

సీలెంట్ అంటే సందును మూసే, సాగే గుణమున్న పేస్టు. అది ప్లాస్టరింగ్ తర్వాతి వస్తువు. ముందు పూసుకుంటే దానిమీద మాలు నిలవదు, రంగు కూడా నిలవదు. సిలికాన్ అంటిన ఇటుకను ఎంత తుడిచినా ఆ జిడ్డు పోదు. అయినా దీనికి ఇక్కడ చోటిస్తున్నాను, ఎందుకంటే దాని కోసం ఏర్పాటు మాత్రం ప్లాస్టరింగ్‌కు ముందే చేసుకోవాలి.

పైపు గోడలోంచి బయటికి వచ్చే చోట ప్లాస్టరింగ్ పైపును తాకకూడదు. పూతకు ముందే పైపు చుట్టూ 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ పట్టీ చుట్టి వదలండి. ప్లాస్టరింగ్ ఆరాక ఆ పట్టీని కొద్ది లోతుకు కోసి తీస్తే చుట్టూ శుభ్రమైన గాడి మిగులుతుంది. అందులో సీలెంట్ పెడితే పైపు కదిలినా పూత చెదరదు. మిగిలిన పట్టీ సీలెంట్ వెనక ఆధారంగా ఉంటుంది, సీలెంట్ లోపలికి జారిపోదు.

సీలెంట్లలో ఏది? టైల్స్ ఉన్న తడి చోట న్యూట్రల్ రకం, అంటే ఆమ్లం వదలని సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే రకం ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అది రాగిని, జింకు పూతను తినేస్తుంది, సిమెంట్ మీద కూడా సరిగ్గా అంటదు. పైన రంగు వేయాల్సిన చోట పీయూ సీలెంట్ లేదా ఎంఎస్ పాలిమర్ అనే రకం సీలెంట్. గది లోపల పొడిచోట, పైపు పెద్దగా కదలని చోట అక్రిలిక్ సరిపోతుంది. సీపీవీసీ పైపు అయితే ఇంకో తనిఖీ అవసరం. కొన్ని సీలెంట్లలో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్లు సీపీవీసీని లోలోపల పగిలేలా చేస్తాయి. పైపు తయారీదారు ఇచ్చే అనుకూల పదార్థాల జాబితా చూశాకే కొనండి.

గోడను దాటే కన్నాలు

ఇక్కడ అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది స్లీవ్. అంటే పైపు కంటే కాస్త పెద్ద గొట్టం గోడలో బిగించి, అసలు పైపును దాని లోపలినుంచి తీసుకెళ్లడం. మాలు స్లీవ్‌ను పట్టుకుంటుంది, పైపు లోపల స్వేచ్ఛగా ఉంటుంది. రేపు పైపు మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టక్కర్లేదు. స్లీవ్ పొడవు గోడ మందానికి రెండు వైపుల ప్లాస్టరింగ్ మందం కూడా కలుపుకుని ఉండాలి. పొట్టిగా కోస్తే ప్లాస్టరింగ్ మళ్లీ పైపునే పట్టుకుంటుంది, స్లీవ్ పెట్టిన ఫలితం పోతుంది. బయటి గోడలో స్లీవ్‌ను బయటి వైపుకు కొద్దిగా వాలుగా పెట్టండి, వాన నీరు లోపలికి రాదు.

స్లీవ్ చుట్టూ మాలు, స్లీవ్‌కూ పైపుకూ మధ్య రాతి ఉన్ని లేదా ఫోమ్ తాడు, చివర్లలో సీలెంట్. బాత్రూమ్ డ్రైనేజీ శబ్దం పడకగదిలోకి రాకుండా చేయాలంటే ఫోమ్ కంటే దట్టంగా కూరిన రాతి ఉన్ని బాగా పనిచేస్తుంది.

ఆ గోడ మంటను ఆపాల్సిన గోడ అయితే, అంటే మెట్లదారి గోడ, పైపులు అంతస్తులు దాటే షాఫ్ట్ గోడ, కరెంటు గది గోడ లాంటిది అయితే, మన ఇష్టాయిష్టాలతో పని లేదు. ప్లాస్టిక్ పైపు మంటలో కరిగి కన్నం తెరుచుకుంటుంది. చుట్టూ పెట్టిన మాలు చెక్కుచెదరకున్నా పొగ, మంట మధ్యలోంచి దాటతాయి. వేడికి ఉబ్బి కన్నాన్ని నొక్కి మూసేసే ఇంట్యుమెసెంట్ కాలర్ లేదా పట్టీ అక్కడ తప్పనిసరి. ఆ పైపు రకానికీ సైజుకూ గోడ మందానికీ పరీక్షించిన వ్యవస్థనే, తయారీదారు చెప్పినట్టే బిగించాలి. ఎరుపు లేదా గులాబీ రంగు ఫోమ్ డబ్బా మీద ఫైర్ అని రాసి ఉన్నంత మాత్రాన ప్లాస్టిక్ పైపు చుట్టూ పనికొస్తుందని అనుకోకండి. వాటిలో చాలావాటిని నిలువు, అడ్డ అతుకు సందులకే పరీక్షిస్తారు. ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి ఇక్కడ ఒక్క మెట్టు కూడా దిగొద్దు.

జాలి (మెష్) మర్చిపోకండి

పూడిక ఎంత బాగున్నా ఇటుకకూ పూడికకూ మధ్య గీత ఉండనే ఉంటుంది. గాడి మీద, రెండు వైపులా ఇటుక మీదికి 100 నుంచి 150 మిల్లీమీటర్లు వచ్చేలా జాలి కొట్టండి. చికెన్ మెష్ అయినా సరే, క్షారాన్ని తట్టుకునే ఫైబర్ గ్లాస్ జాలి అయినా సరే. తడి చోట రెండోది మేలు, తుప్పు భయం లేదు. మామూలు ఫైబర్ జాలి సిమెంట్‌లో కొన్నాళ్లకు బలహీనపడుతుంది, అందుకే క్షారాన్ని తట్టుకునేదే అడగాలి. జాలి ఇటుకకు అతుక్కుని ఉంటే మాలు దాని వెనక్కి వెళ్లదు. కాస్త ఎడంగా, పూత మందం మధ్యలో ఉండేలా బిగించాలి. మేకులు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో చూసుకోవాలి. ఈ మాట రాయక్కర్లేదనిపిస్తుంది గానీ, జాలి మేకు దిగిన పైపును నేను కళ్లారా చూశాను.

మీ పరిస్థితికి ఏది

ఇటుక గోడలో చన్నీళ్ల పైపు గాడి అయితే ఆలోచించక్కర్లేదు, తడిపి రెండు విడతల మాలు, పైన జాలి. వేడినీళ్లయితే అదే పని, ముందు తొడుగు. ఏఏసీ గోడ అయితే బ్లాకు మాలు. పొడి గదిలో జిప్సం పూత కింద కరెంటు గాడి అయితే జిప్సం.

కాస్త తికమక పెట్టేది పైపులు గుత్తిగా ఉన్న చోటు. వాష్‌బేసిన్ వెనక, గీజర్ కింద వేడి, చల్ల పైపులు పక్కపక్కనే దిగుతాయి. రెండింటినీ ఒకే వెడల్పు గాడిలో పెట్టి మూసేస్తే మధ్యలో మాలు దూరదు. పైపుల మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా చూడండి, వేడి పైపుకు తొడుగు వేయండి, మధ్యలో మాలును సన్నని కర్రతో కుక్కండి. తాపీతో ఆ పని కుదరదు. గాడి వెడల్పు 100 మిల్లీమీటర్లు దాటితే ఇటుక ముక్కలు వాడటం ఇక ఐచ్ఛికం కాదు, అవసరం.

గోడ అప్పటికే తడిగా ఉంటే, పైపు పాతదై కారిన గుర్తులుంటే, ఏ పదార్థంతోనూ మూయకండి. మొదట కారే చోటు కనిపెట్టాలి.

మూసే ముందు

నేను ఇప్పుడు పూడిక మొదలుపెట్టే రోజు ముందు లైన్లో నీళ్లు నింపి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి కొన్ని గంటలు చూస్తాను. అతుకుల జిగురు పూర్తిగా ఆరాకే ఈ పరీక్ష. ప్లాస్టిక్ పైపులను గాలితో పరీక్షించకూడదు, పగిలితే ముక్కలు తుపాకీ గుండ్లలా ఎగురుతాయి. పరీక్ష అయ్యాక లైన్లో మామూలు ఒత్తిడి ఉంచి, ఒత్తిడి చూపే మీటరు తీయకుండానే పూడిక, జాలి పని చేయిస్తాను. ఎక్కడైనా మేకు దిగితే మీటరు ముల్లు పడిపోతుంది, అప్పటికప్పుడు తెలుస్తుంది.

ప్రతి గోడకు టేపు పట్టుకుని ఫొటోలు తీస్తాను, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరమో కనిపించేలా. వారం తర్వాత, ప్లాస్టరింగ్ మేస్త్రీ వచ్చే రోజు పొద్దున్నే, పూడిక పొడవునా తాపీ పిడితో తట్టుకుంటూ వెళ్తాను. గట్టి శబ్దం వచ్చిన చోట ముందుకు, డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గుర్తు. గుర్తు పెట్టిన ముక్కను పూర్తిగా కొట్టి తీసేసి, తడిపి, మళ్లీ దట్టించమంటాను. ఆ ముక్కకు మళ్లీ వారం ఆగలేకపోతే ఆ గోడను చివరికి వదిలి పక్క గోడ మొదలుపెట్టమని మేస్త్రీని అడుగుతాను. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.